ప్లగ్గులో గుచ్చితే బిల్లు తగ్గుతుందా?

విశాఖపట్నం: బాల్కనీ కటకటాలకు ఒక సోలార్ పలకను బిగించి, దాని తీగ చివరనున్న ప్లగ్గును ఇంట్లోని సాకెట్టులో గుచ్చితే చాలు, ఆ నెల నుంచే కరెంటు బిల్లు తగ్గుతుందన్న మాట ఇటీవల నగరంలోని అపార్టుమెంట్లలో చర్చకు వస్తున్నది. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకో, అల్లుడో తమ ఇంటి బాల్కనీ ఫోటో పంపించడంతో ఈ ముచ్చట మొదలవుతుంది. ఎలక్ట్రీషియను అక్కరలేదు. డాబా అక్కరలేదు. అద్దె ఇల్లు మారితే ఊడదీసుకుని పట్టుకుపోవచ్చు. సొంత డాబా లేని మధ్యతరగతి కుటుంబానికి ఇంతకంటె కావలసినదేమున్నది?

అక్కడ అది నిజమే. ఇక్కడ మాత్రం డబ్బు చెల్లించే ముందు ఇంటి మీటరు సంగతి, గోడలోని వైరింగు సంగతి, నెత్తిమీది సూర్యుడి సంగతి తెలుసుకోవలసి ఉన్నది. తెలుసుకోకుండా కొన్నవారికి బిల్లు తగ్గకపోగా పెరిగే అవకాశం కూడా ఉన్నది.

జర్మనీలో జరిగిందేమిటి?

జర్మన్లు దీనిని ‘బాల్కన్‌క్రాఫ్ట్‌వెర్క్’ అంటారు. బాల్కనీ విద్యుత్కేంద్రం అని అర్థం. పేరు పెద్దదే గాని సరంజామా చిన్నది. ఒకటి రెండు పలకలు, మందపాటి పుస్తకమంత ఇన్వర్టరు, ఒక తీగ, ఒక ప్లగ్గు. 2025 సంవత్సరం మధ్యనాటికి ఆ దేశపు ప్రభుత్వ రిజిస్టరులో ఇటువంటివి 10 లక్షలకు పైగా నమోదయ్యాయి.

ఇది రాత్రికి రాత్రి వచ్చిన మార్పు కాదు. చాలాకాలం అక్కడ ఇన్వర్టరుకు 600 వాట్ల పరిమితి ఉండేది. 2023 జనవరి నుంచి ఇళ్లకు అమ్మే సోలార్ సామగ్రిపై అమ్మకపు పన్నును సున్నా చేశారు. 2024 మే నెలలో చట్టాన్ని మార్చి ఇన్వర్టరు పరిమితిని 800 వాట్లకు, పలకల పరిమితిని 2000 వాట్లకు పెంచారు. స్థానిక విద్యుత్ సంస్థకు వేరుగా అర్జీ పెట్టుకోనవసరం లేకుండా, కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకుంటే సరిపోయేటట్లు ఏర్పాటు చేశారు. పాత చక్రం మీటరు ఉన్న ఇంట్లో ఆ చక్రం వెనక్కు తిరిగినా, కొత్త మీటరు బిగించేదాకా తాత్కాలికంగా అభ్యంతరపెట్టరాదని నిర్ణయించారు. అదే ఏడాది అక్టోబరులో, సరైన కారణం లేకుండా ఇంటి యజమాని కాదనడానికి వీలులేకుండా అద్దె చట్టాన్ని సవరించారు. అమెరికాలోని యూటా రాష్ట్రం కూడా 2025 మార్చిలో ఒక చట్టం చేసి, 1200 వాట్ల లోపు ప్లగ్గు సోలారుకు విద్యుత్ సంస్థతో ఒప్పందం అక్కరలేదని ప్రకటించింది.

అంటే ఆ చిన్న ప్లగ్గు వెనుక చట్టం ఉన్నది, దానికి తగిన మీటరు ఉన్నది, తయారీకి ఒక ప్రమాణం ఉన్నది. వీటన్నిటికి తోడు అక్కడ గృహ వినియోగదారుడు యూనిట్ కరెంటుకు చెల్లించే ధర మన రూపాయల్లో 30కి పైమాటే. ఆ లెక్కన ఆదా అయిన ప్రతి యూనిట్‌కూ విలువ ఎక్కువ. ఇక్కడి బిల్లుతో దానికి పోలిక లేదు.

అన్ని కట్టుదిట్టాలున్న ఆ దేశంలో కూడా పొరపాట్లు జరగకపోలేదు. ఒక తయారీదారు అమ్మిన ఇన్వర్టర్లలో, లైను నుంచి విడదీసే రిలే అనే భాగమే లేదని 2023లో బయటపడింది. ఆ భాగం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ సాధనం పనిచేసే తీరు కొంత తెలియాలి.

ప్లగ్గు నుంచి లోపలికి

ప్లగ్గు అంటే గోడలోనుంచి కరెంటును బయటకు తీసుకునేదని చిన్నప్పటినుంచీ అందరికీ తెలుసు. ఈ ప్లగ్గు దానికి విరుద్ధం. ఇది గోడలోకి కరెంటును పంపుతుంది. ఎండ తగిలిన పలక నుంచి వచ్చేది బ్యాటరీలో ఉండే రకం కరెంటు, అంటే డీసీ. ఇన్వర్టరు దానిని ఏసీగా మార్చి, వీధి లైనులోని 230 వోల్టులకు, సెకనుకు 50 ఆవృత్తుల లయకు జతకలిపి ఇంటి వైరింగులోకి నెడుతుంది. ఆ కరెంటు ముందుగా ఇంట్లో నడుస్తున్న ఫ్రిజ్‌కు, ఫ్యానుకు అందుతుంది. అప్పుడు ఆ మేరకు వీధినుంచి తీసుకునేది తగ్గుతుంది. బిల్లు తగ్గడమనేది ఇంతవరకే.

ఇంట్లో వాడకం కంటె పలక ఉత్పత్తి ఎక్కువైతే ఆ మిగులు ఎక్కడికి పోతుంది? దాచుకునే చోటు లేదు గనుక మీటరు దాటి వీధిలోకి పోతుంది. పక్క ఫ్లాటులోని మిక్సీ దానితోనే తిరగవచ్చు. ఆ పక్కింటివారి మీటరు మాత్రం మామూలుగానే లెక్క కడుతుంది, వారు మామూలుగానే డబ్బు చెల్లిస్తారు. పంపినవారికి దమ్మిడీ రాదు. రాకపోతే పోయె అనుకోవడానికి కూడా వీలులేని చిక్కు ఒకటి ఉన్నది. అది మీటరులో ఉన్నది.

మీటరు చేసే గారడీ

మన ఇళ్లలో ఉన్న ఎలక్ట్రానిక్ మీటర్లలో అధిక భాగం ఒక వైపు లెక్క కోసమే తయారయినవి. తీగలు తిరగేసి మీటరును వెనక్కు తిప్పే దొంగతనాన్ని అరికట్టడానికి, కరెంటు ఏ దిశగా పారినా దానిని వాడకం కిందనే కట్టేటట్లు వాటిని రూపొందించారు. దొంగను పట్టుకోవడానికి పెట్టిన ఈ ఏర్పాటు ప్లగ్గు సోలారు పెట్టుకున్న ఇంటివారికి ఎదురుదెబ్బ అవుతుంది. వారు వీధిలోకి పంపిన యూనిట్ కూడా వారే వాడుకున్నట్లు బిల్లులోకి ఎక్కుతుంది.

లెక్క చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 ధరల పట్టీ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. ఈ లెక్కన 200 యూనిట్లకు విద్యుత్ చార్జీ 867 రూపాయలు అవుతుంది. ఇతర సుంకాలు దీనికి అదనం.

ఆ ఇంటివారు 800 వాట్ల ప్లగ్గు సోలారు పెట్టారనుకుందాం. ఎండ బాగా తగిలేచోట పెడితే రోజుకు సుమారు 3 యూనిట్లు వస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి పోయిన ఇంట్లో పగటిపూట నడిచేది ఫ్రిజ్, ఒకటి రెండు చిన్న పరికరాలు మాత్రమే. అవి వాడుకునేది ఒక యూనిట్ అనుకుంటే మిగతా రెండూ వీధిపాలు. నెలకు 30 యూనిట్లు ఆదా, 60 యూనిట్లు బయటకు. మీటరు ఆ 60 యూనిట్లను పట్టించుకోకుండా ఉంటే బిల్లు 170 యూనిట్లకు, అంటే 687 రూపాయలకు దిగుతుంది. ఆదా 180 రూపాయలు. అదే మీటరు ఆ 60ని కూడా వాడకంగా కలిపితే లెక్క 230 యూనిట్లకు పోతుంది. అందులో చివరి 5 యూనిట్లు 8.75 రూపాయల శ్లాబులో పడతాయి. చార్జీ సుమారు 1061 రూపాయలు. పలక కొనక ముందు కంటె ఇది 194 రూపాయలు ఎక్కువ!

ఎండ కాచిన కొద్దీ బిల్లు పెరిగే ఈ విచిత్రం వేసవిలో మరింత స్పష్టంగా కనబడుతుంది. తెలంగాణలో బంధువులున్నవారు ఇంకొక సంగతి కూడా చెప్పవలసి ఉంటుంది. అక్కడ 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. సున్నా బిల్లు వచ్చే ఇంట్లో పలక వల్ల తగ్గేదేమీ లేదు సరికదా, బయటకు పోయిన యూనిట్లు లెక్కలో కలిసి 200 దాటితే ఆ నెలకు పూర్తి బిల్లు చెల్లించవలసి వస్తుంది.

దీనికి విరుగుడు నెట్ మీటరు. అది లోపలికి వచ్చినదానిని, బయటకు పోయినదానిని విడివిడిగా చూపుతుంది. కొత్తగా బిగిస్తున్న స్మార్టు మీటర్లు రెండు వైపులా లెక్క కట్టగలిగినవైనా, విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతించి ఆ మేరకు సరిచేసేదాకా ఆ శక్తి వినియోగదారుడికి అక్కరకు రాదు. అసలు కరెంటు పుట్టించే ఏ పరికరాన్నయినా సంస్థ లైనుతో జతపరచాలంటే సంస్థ అనుమతి ఉండి తీరాలి. ఇందుకు సంబంధించిన సాంకేతిక నిబంధనలను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో జారీ చేసింది. సాకెట్టులో గుచ్చేదే కదా, ఎవరికి తెలుస్తుందని అనుకోవడం పొరపాటు. మీటరు రీడింగులోని తేడా ముందుగా తెలిసేది సంస్థకే.

కరెంటు పోతే సోలారూ పోతుంది

కొనబోయేవారిలో చాలామంది మనసులో ఉండే ఆశ వేరొకటి. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు సోలారు ఆదుకుంటుందని, ఫ్యాను తిరుగుతుందని. ప్లగ్గు సోలారు ఆ పని చేయదు. వీధిలో కరెంటు పోయిన మరుక్షణం, ఎండ ఎంత మండిపోతున్నా, అది కూడా ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా.

కారణం లైన్‌మన్. తీగ తెగిందని ట్రాన్స్‌ఫార్మరు వద్ద లైను ఆపి అతడు స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో ఏదో ఒక ఫ్లాటు బాల్కనీ నుంచి కరెంటు వెనక్కు పారితే, చచ్చిన లైను అనుకుని పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు నేలకూలిన స్తంభాలను, రోజుల తరబడి చీకటిలో ఉన్న వీధులను, ఆ వీధుల్లో పనిచేసిన విద్యుత్ సిబ్బందిని చూసినవారికి ఈ జాగ్రత్త విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వీధి లైను చచ్చిందని గుర్తించి తనంతట తాను విడిపోయే గుణం ఇన్వర్టరులో ఉండాలని మన నిబంధనలు కూడా శాసిస్తున్నాయి. మన దేశంలో దీనిని పరీక్షించే ప్రమాణం ఐఎస్ 16169. జర్మనీలో రిలే లేదని గగ్గోలు పుట్టింది ఈ విషయం మీదనే. సాకెట్టు నుంచి ఊడదీసిన ప్లగ్గు మొనలు పిల్లవాడి చేతికి తగిలినా షాకు కొట్టకుండా కాపాడేది కూడా ఈ విడదీసే ఏర్పాటే.

ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టరు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీధి కరెంటు పోయి ఇల్లంతా బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు, ప్లగ్గు సోలారు ఆ బ్యాటరీ కరెంటునే వీధి లైను అని భ్రమపడి దానికి జతకలిసే ప్రమాదం ఉన్నది. అప్పుడు మిగులు కరెంటు బ్యాటరీ ఇన్వర్టరులోకి ఎదురు తన్నుతుంది. వేలు పోసి కొన్న ఇన్వర్టరు కాలిపోవచ్చు. ఈ రెండింటినీ ఒకే సర్క్యూటులో ఉంచరాదు.

అక్కడి సూర్యుడు, ఇక్కడి సూర్యుడు

మనది ఎండల దేశం, జర్మనీ కంటె ఇక్కడ రెట్టింపు కరెంటు రావాలి కదా అని అనిపించడం సహజం. డాబామీద పెట్టిన పలక విషయంలో అది చాలావరకు నిజం. అక్కడ 800 వాట్ల పలకలు ఏడాదికి 600 నుంచి 800 యూనిట్లు ఇస్తే, ఇక్కడి డాబామీద అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుంది. బాల్కనీ విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది.

జర్మనీ ఉత్తరాన ఎక్కడో 50 అక్షాంశాల దగ్గర ఉన్నది. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు. దక్షిణాన వాలుగానే తిరుగుతాడు. అందువల్ల దక్షిణపు బాల్కనీకి నిలువుగా వేలాడదీసిన పలకకు ఎండ ఎదురుగా తగులుతుంది. విశాఖపట్నం 17.7 అక్షాంశాల మీద ఉన్నది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. జూన్‌లో అయితే ఉత్తరానికే ఒరుగుతాడు. ఆ నెలల్లో దక్షిణం వైపు నిలువుగా పెట్టిన పలకకు మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలేది చాలా తక్కువ. పైగా మన అపార్టుమెంట్లలో ఒక బాల్కనీ మీద మరొక బాల్కనీ కప్పులా ఉంటుంది. తూర్పు బాల్కనీకి ఉదయం, పడమటి బాల్కనీకి సాయంత్రం మాత్రమే ఎండ. ఎదురుగా మరొక అపార్టుమెంటు లేచి ఉంటే అదీ లేదు.

పలకలో ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. ఆరేసిన చీర నీడ, కొబ్బరి మట్ట నీడ కూడా ఈ కోవలోనివే. కొనేముందు ఒక ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొకసారి, పలక పెట్టదలచిన చోట ఎండ ఉన్నదా నీడ ఉన్నదా అని కాగితం మీద రాసుకుంటే, దుకాణదారుడు చూపే ఏ పట్టిక కంటె అది నమ్మకమైన లెక్క అవుతుంది. నికరంగా నాలుగు గంటల ఎండ లేని బాల్కనీ ఈ ఖర్చుకు తగినది కాదు.

ఇక గాలి సంగతి. 400 వాట్లు దాటిన పలక ఒక్కొక్కటి మనిషంత పొడవు, గజానికి పైగా వెడల్పు, 20 కిలోలకు పైగా బరువు ఉంటుంది. గాలికి అది తెరచాపే. ఎంవీపీ కాలనీలోనో, బీచ్ రోడ్డు పక్కనో నాలుగో అంతస్తు కటకటాలకు ప్లాస్టిక్ పట్టీలతో కట్టిన పలక తుపాను గాలికి ఊడిపడితే కింద నడిచే మనిషికి ఏమవుతుందో ఊహించవచ్చు. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, అల్యూమినియం చట్రం తప్ప మరొకటి పనికిరాదు. తుప్పు పట్టిన కటకటాలకు అసలే బిగించరాదు. చాలా పాత అపార్టుమెంట్లలో కటకటాల అడుగు భాగం రంగు కింద ఎప్పుడో తుప్పు తినివేసి ఉంటుంది.

గోడలోని తీగకు తెలియని బరువు

ఎలక్ట్రీషియను అక్కరలేదన్నది ఈ వస్తువుకు ఉన్న పెద్ద ఆకర్షణ. పాత ఇళ్లలో అదే పెద్ద ప్రమాదం కూడా. గోడలోని తీగ మోయగలిగినంత కరెంటును మాత్రమే పోనిచ్చి, అంతకు మించితే కట్టివేయడం బోర్డులోని ఎంసీబీ పని. తీగ 16 ఆంపియర్లు మోయగలిగితే 16 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. అదే సర్క్యూటులో ప్లగ్గు సోలారును గుచ్చితే 800 వాట్లకు సుమారు మూడున్నర ఆంపియర్లు అటునుంచి వచ్చి చేరుతుంది. గీజరు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేసినప్పుడు ఎంసీబీకి కనిపించేది 16 ఆంపియర్లే. తీగలో కొంతమేర మాత్రం పందొమ్మిదిన్నర పారుతూ ఉంటుంది. ఎంసీబీ కట్టదు, తీగ వేడెక్కుతుంది. కొత్త వైరింగు ఈ మాత్రం తట్టుకోవచ్చు. ముప్పై నలభై ఏళ్ల కిందట లైట్లకు, ఫ్యాన్లకు వేసిన సన్నని తీగ తట్టుకోలేదు. ఎక్స్‌టెన్షను బోర్డులో గుచ్చడం, ఒకే సర్క్యూటులో రెండేసి పెట్టడం మరింత ప్రమాదకరం.

విదేశం నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఇన్వర్టరు తెచ్చిపెడతామనే బంధువులు కూడా ఉంటారు. వారి ప్లగ్గు మన సాకెట్టులో పట్టదు. మధ్యలో అడాప్టరు పెడితే చాలా అడాప్టర్లలో ఎర్తు తీగ తెగిపోతుంది. వోల్టేజీ బాగా పడిపోయే శివారు ప్రాంతాలలో ఆ యంత్రం లైను సరిగా లేదని మాటిమాటికీ ఆగిపోతుంది. చెడిపోతే బాగుచేసేవారు ఇక్కడ దొరకరు. మన దేశంలో సోలార్ పలకలకు, ఇన్వర్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను తప్పనిసరి. పలకకు ఐఎస్ 14286, ఇన్వర్టరుకు ఐఎస్ 16221 అని వెనుకనున్న చీటీమీద ముద్రించి ఉండాలి. ఆ చీటీ చూపించలేని అంగడిలో బేరమాడడం అనవసరం.

మరి సోలారు ఆశ వదులుకోవలసినదేనా?

సొంత డాబా ఉన్నవారికి ఆ అవసరమే లేదు. పెందుర్తిలోనో, గాజువాకలోనో ఒంటరి ఇల్లు ఉన్న కుటుంబం ప్లగ్గు సోలారు గురించి ఆలోచించడం దండగ. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లకు గాని అంతకు మించినదానికి గాని 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ నిర్ణయించారు. జాతీయ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో దరఖాస్తు చేసి, అక్కడ నమోదయిన అమ్మకందారుడి చేతనే, దేశీయంగా తయారయిన పలకలనే పెట్టించాలి. విద్యుత్ సంస్థ నెట్ మీటరు బిగించి తనిఖీ చేసిన తరువాత సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అక్కరలేకుండానే దరఖాస్తును ఆమోదించినట్లు పరిగణించాలని 2024లో కేంద్రం నిబంధనలు సవరించింది. ఒక కిలోవాట్ డాబామీద రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. పగలు వీధిలోకి పోయిన యూనిట్ రాత్రి వాడకంలో జమ అవుతుంది. ప్లగ్గు సోలారులో లేనిది సరిగ్గా ఈ జమే.

అపార్టుమెంటు వారికి దారి కొంచెం ఇరుకు. డాబా అందరిదీ గనుక సంఘం తీర్మానం కావాలి. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి వాడకానికి పెట్టే సోలారుకు అదే పథకం కింద కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. నెలనెలా వసూలయ్యే మెయింటెనెన్సులో లిఫ్టు, మోటారు కరెంటు ఎంత వాటా తింటున్నదో సంఘం లెక్కల పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. బాల్కనీకి ఒక పలక చొప్పున ఎవరికివారు పెట్టుకుని ఎవరి ఇబ్బంది వారు పడడం కంటె ఇది నయం.

కరెంటు కోతే అసలు బాధ అయినవారు వీధి లైనుతో సంబంధమే లేని ఏర్పాటు చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఇప్పటికే బ్యాటరీ ఇన్వర్టరు ఉన్నది. దానికి తగిన సోలార్ చార్జ్ కంట్రోలరును, ఒక పలకను చేరిస్తే పగలు ఎండతో బ్యాటరీ నిండుతుంది. కరెంటు బయటకు పోదు గనుక మీటరు చిక్కు లేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది మొత్తం మీద 1.8 యూనిట్లు. బ్యాటరీ మన్నాలంటే అందులో సగానికి మించి వాడుకోకూడదు. రెండు ఫ్యాన్లకు కొన్ని గంటలు అది చాలు. ఏసీకి చాలదు. బ్యాటరీ వోల్టేజీకి సరిపోయే పలకను, దానికి నప్పే కంట్రోలరును ఎంచుకోవాలి. డాబా పలక చవకగా వస్తున్నదని 12 వోల్టుల బ్యాటరీకి మామూలు కంట్రోలరు ద్వారా తగిలిస్తే సగం శక్తి వృథా అవుతుంది.

అద్దెకున్నవారి సంగతే మిగిలింది. బాల్కనీ పలక అసలు పుట్టింది వారికోసమే. డాబా వారిది కాదు, మీటరు చాలాచోట్ల యజమాని పేర వస్తుంది, నెట్ మీటరుకు దరఖాస్తు యజమాని సంతకం లేనిదే కదలదు. జర్మనీ చట్టం అద్దెదారుకు ఇచ్చిన ఆసరా వంటిది ఇక్కడ లేదు. పైన చెప్పిన బ్యాటరీ పద్ధతి ఒక్కటే ప్రస్తుతానికి వారి చేతిలో ఉన్నది. ఇల్లు మారినప్పుడు దానిని కూడా ఊడదీసుకుపోవచ్చు.

చీటీమీది అంకెలు

ఏ రకం కొన్నా చీటీమీది అంకెలను చదవడం తెలిసి ఉండాలి. 440 వాట్లు అని రాసి ఉంటే అది ప్రయోగశాలలో, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో, పలక లోపలి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చే గరిష్ఠ శక్తి. వేసవి మధ్యాహ్నం ఇక్కడి డాబామీద పలక వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి నూటికి 0.3 నుంచి 0.4 వంతు శక్తి తగ్గుతుంది. అంటే మే నెల ఎండలో నూటికి 14 వంతుల దాకా ముందే పోయినట్లు. పలకను గోడకు, కప్పుకు అతుక్కుపోయేటట్లు కాక వెనుక గాలి ఆడేటట్లు బిగించడం ఇందుకే.

వాట్లను చూపి యూనిట్లని చెప్పే అమ్మకందారులు ఉంటారు. వెయ్యి వాట్ల శక్తి ఒక గంట సేపు వస్తే ఒక యూనిట్. రోజుకు ఎన్ని యూనిట్లు వస్తుందన్నది అడగాలి. ‘25 ఏళ్ల గ్యారంటీ’ అన్నప్పుడు అది దేనికో అడగాలి. సాధారణంగా అది పలక శక్తి ఫలానా శాతానికి మించి తగ్గదన్న హామీ మాత్రమే. పలక పగుళ్లకు, నీరు దిగడానికి వేరే గడువు, ఇన్వర్టరుకు అంతకంటె తక్కువ గడువు ఉంటుంది. ముందుగా చెడేది కూడా ఇన్వర్టరే.

ప్లగ్గు సోలారే కావాలని పట్టుబట్టేవారు సామాను ఇంటికి రాకముందే సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, తమ సర్వీసు నంబరు చూపి, ఆ మీటరు రెండు వైపులా లెక్క కడుతుందా, సంస్థ అనుమతి ఇస్తుందా అని రాతపూర్వకంగా అడగడం మంచిది. ఈ ప్రాంతపు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలోనే ఉన్నది. 1912 నంబరుకు ఫోన్ చేసి కూడా వివరాలు అడగవచ్చు. ‘అనుమతి మేమే తెప్పిస్తాం’ అనే అమ్మకందారుడు ఉంటే, ఆ మాట బిల్లు కాగితం మీద రాసి ఇమ్మనాలి.